రాజపాళయం తెలుపు, రంగు పరీక్ష, వినని చెవి



కోరాపుట్‌లోనూ రాయగడలోనూ మనవాళ్ల ఇళ్లలో జాతి కుక్కపిల్లల ముచ్చట పెరిగింది. అమ్మేవాళ్లు ధరతో పాటు "తల్లిదండ్రులకు డీఎన్ఏ రంగు పరీక్ష చేయించాం" అని కూడా అంటున్నారట. ఆ కాగితానికి విలువ ఎంత అని కొందరు సభ్యులు అడిగారు. జవాబు చెప్పాలంటే ముందు ఒక తెలుగువాళ్ల ఊరి సంగతి చెప్పాలి.

తమిళనాడు విరుదునగర్ జిల్లాలో రాజపాళయం ఉంది. విజయనగర, నాయక రాజుల కాలంలో ఆంధ్రదేశం నుంచి దక్షిణానికి వెళ్లామని చెప్పుకునే రాజులు స్థిరపడ్డ ఊరు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. మేమూ తమిళ మీడియంలో చదువుకుని ఇంట్లో తెలుగు నిలుపుకున్నవాళ్లమే, అందుకే ఆ ఊరంటే మాకు కొంచెం అభిమానం. మన ఒడిశాకూ ఆ ఊరితో ఒక లంకె ఉంది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా అక్కడివారే. 1954 నుంచి 1956 దాకా ఆయన ఒడిశా గవర్నరు. అప్పటికి మన రాయగడ ఇంకా కోరాపుట్ జిల్లాలోనే ఉండేది. 1992లో వేరు జిల్లా అయింది.

ఆ ఊరి పేరును దేశమంతా తిప్పింది మాత్రం ఒక వేటకుక్క. పొడవాటి కాళ్లు, సన్నని నడుము, పాలలాంటి తెలుపు, గులాబీ రంగు ముక్కు. 2005 జనవరి 9న తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు వేసింది. ముధోల్, రాంపూర్, హిమాలయ గొర్రెల కుక్కలతో పాటు రాజపాళయం కూడా అందులో ఉంది.

ఆ తెలుపు వెనుక ఒక కథ ఉంది. ఈ జాతిలో నల్లవి, గోధుమరంగువి, మచ్చలవి కూడా పుడతాయి. కానీ జనం తెల్లవాటినే మెచ్చారు. రంగు పిల్లలను పుట్టగానే చంపేసేవారని చెబుతారు. తరతరాలుగా తెలుపుకు తెలుపునే జత కట్టారు. ఈ జాతిలో చెవిటి పిల్లలు ఎక్కువగా పుడతాయన్నది పెంచేవాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే.

రంగుకూ చెవికీ ఏమిటి సంబంధం? రంగునిచ్చే కణాలు పిండదశలో వెన్ను వెంబడి పుట్టి ఒళ్లంతా పాకుతాయి. కొన్ని లోపలి చెవికి కూడా చేరాలి. అక్కడ వాటి పని రంగు వేయడం కాదు, వినికిడి కణాలను బతికించే ద్రవాన్ని సరిగా ఉంచడం. అవి చేరకపోతే పిల్ల పుట్టిన కొద్ది వారాల్లోనే ఆ చెవి శాశ్వతంగా మూసుకుపోతుంది. దీన్ని బాగా పరిశీలించింది డాల్మేషియన్ కుక్కల్లో. అమెరికాలో లెక్క చూస్తే నూటికి దాదాపు ముప్పై డాల్మేషియన్లకు ఒక చెవో రెండు చెవులో వినబడవు.

ఇక రంగు పరీక్ష సంగతి. కుక్కల రంగులు ఎలా సంక్రమిస్తాయో క్లారెన్స్ కుక్ లిటిల్ అనే అమెరికా శాస్త్రవేత్త 1957లో ఒక పుస్తకంగా రాశాడు. అప్పటికి జన్యువును చూసే సాధనం లేదు. పిల్లలను లెక్కపెట్టి ఊహించడమే. 2005లో టాషా అనే బాక్సర్ కుక్క జన్యుక్రమం మొత్తం అచ్చయింది. 2007లో తెల్లమచ్చలకు ఎంఐటీఎఫ్ అనే జన్యువుతో సంబంధం ఉందని తేలింది. ఇప్పుడు బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది పంపితే చాలు.

ఈ పరీక్ష పనికిమాలినది కాదు. రెండు నల్ల లాబ్రడార్లు పసుపు రంగును లోపల దాచుకుని ఉంటే, వాటికి సగటున నాలుగింట ఒక పిల్ల పసుపుది పుడుతుంది. అది ముందే తెలుస్తుంది. మెర్ల్ అనే చిత్రవర్ణం విషయంలో అయితే తప్పక చేయించాల్సిందే. మెర్ల్ జన్యువు ఉన్న రెండు కుక్కలను కలిపితే నాలుగింట ఒక పిల్లకు అది రెండు వైపులనుంచీ వస్తుంది. అలాంటి పిల్లల్లో చాలావాటికి చెవుడు, కంటి లోపాలు వస్తాయి. పైకి మామూలు రంగుతో కనిపించే కుక్కలో కూడా మెర్ల్ దాగి ఉండవచ్చు. దాన్ని పరీక్షే పట్టిస్తుంది.

కానీ తెలుపు దగ్గర ఈ కాగితం ఆగిపోతుంది. డాల్మేషియన్లన్నిటికీ తెలుపునిచ్చే జన్యువు ఒకటే. అయినా ఒకటి వింటుంది, దాని తోడబుట్టినది వినదు. కాబట్టి రంగు కాగితం చూసి చెవి బాగుందని ఎవరూ చెప్పలేరు. పార్సెల్ ఆఫీసు భాషలో చెప్పాలంటే, వే బిల్లు సరిగా ఉన్నంత మాత్రాన పెట్టెలో సరుకు బాగున్నట్టు కాదు.

అందుకని కొనేముందు మనవాళ్లు అడగవలసింది చెవి గురించి. అయిదు వారాలు దాటిన పిల్లకు తలకు తీగలు అతికించి, టిక్ టిక్ శబ్దం వినిపించి, మెదడు స్పందనను చూసే బేర్ అనే పరీక్ష ఉంది. అది ఒక్కో చెవినీ విడిగా చెబుతుంది. ఆ వసతి లేనిచోట పిల్ల నిద్రపోతుండగా వెనకనుంచి తాళాల గుత్తి ఆడించండి, గాలి గానీ నేల అదురు గానీ తగలకుండా. రెండు చెవులూ పోయి ఉంటే ఇలా తెలిసిపోతుంది, ఒక్క చెవే పోతే తెలియదు. చెవిటిదని తేలిన కుక్కను జతకు వాడకూడదు. అమ్మేవాళ్లను తల్లిదండ్రుల వినికిడి, ముందు కాన్పుల పిల్లల వినికిడి కూడా అడగండి.

ఇప్పటికే ఇంట్లో చెవిటి పిల్ల ఉన్నవాళ్లకు ఒక మనవి. దాన్ని రోడ్డు మీద వదిలేయకండి. లారీ హారన్ దానికి వినబడదు, పట్టాల మీద బండి కూతా వినబడదు. చేతి సైగలతో అది చక్కగా నేర్చుకుంటుంది. పచ్చజెండా చూసి బండి కదిలినట్టే, మీ చెయ్యి చూసి అదీ కదులుతుంది. బయటికి తీసుకెళ్తే తాడు మాత్రం వదలకండి.