పాత సిపాయి గుండీలు

ఉగాదికి ఇల్లు దులుపునప్పుడు పాత ట్రంకుపెట్టెల అడుగున అరిగిన కాసులతోపాటు ఒకటి రెండు ఇత్తడి గుండీలు దొరకుట కద్దు. వాటిని చింతపండుతో తోమి పిల్లల కిచ్చుటయో, పాత ఇత్తడి కొనువానికి తూకము వేయుటయో మన యిండ్లలో అలవాటు. ఆ పనికి ముందు గుండీని ఒక్కమారు త్రిప్పి చూడవలెనని నా మనవి.

మన అన్నూరికి ఈశాన్యమున నున్న సత్యమంగలం వద్ద 1790 సెప్టెంబరులో టిప్పు సుల్తాను సేనకును, కర్నల్ ఫ్లాయిడు దండుకును పెద్ద పోరు జరిగినది. ఆ దండులో తెల్లవారి 36వ పటాలము ఉండెను. ప్రతి పటాలము తన అంకెను గుండీలపై వేసికొనవలెనని ఇంగ్లండు రాజు 1767లోనే ఉత్తరువు చేసెను. ఆ అంకె ఇప్పుడు మనకు ఆధారము. 1871లో సాధారణ సోల్జర్ల గుండీలపై అంకె తీసివేసి రాజచిహ్నము వేసిరి. ఆఫీసర్ల గుండీలపై మాత్రము 1881 వరకు అంకె నిలిచినది. ఆ యేడు పటాలములకు జిల్లాల పేర్లు పెట్టిరి.

అయితే అంకె ఒక్కటే నమ్మరాదు. మదరాసు సైన్యపు పటాలములకు వేరే వరుస ఉండెను. 1903లో వాటి అంకెలకు 60 కలిపిరి. 13వ మదరాసు పటాలము 73వ కర్నాటిక్ అయినది. 23వది 83వ వాలాజాబాదు అయినది. తెల్లవారిలోను 83వ పటాలము 1881 వరకు ఉండెను గనుక అంకె చుట్టు నున్న అక్షరములు కూడ చదువవలెను. కిరీటమును కూడ చూడవలెను. విక్టోరియా రాణినాటి కిరీటము నడుమ కొంచెము పల్లముగను, 1901 తరువాతి రాజుల కిరీటము గుండ్రని గుమ్మటముగను ఉండును. గుండీ వెనుక, కుట్టుకొను చెవి చుట్టు, లండను ఫర్మిన్, బర్మింగ్‌హాం గాంట్ వంటి తయారీదారుల పేర్లు సన్నని అక్షరములతో కనిపించును. నా అనుభవములో ముందు వైపుకంటె వెనుక వైపే ఎక్కువ చెప్పును. చింతపండుతో గట్టిగా తోమినచో అక్కడి బంగారు పూత అరిగిపోవచ్చును!

ఇంకొక మాట. ఎస్.ఐ.ఆర్. అని ఉన్నచో అది పటాలపు గుండీ కాదు, మా రైల్వేవారిది. సౌత్ ఇండియన్ రైల్వే 1951లో సదరన్ రైల్వేలో కలిసినది. పోలీసు గుండీలను కూడ సిపాయివని అమ్మజూపువారు కలరు.

ఇంత శ్రమ యెందుకందురా? ప్లాసీ యుద్ధమునకు క్లైవు వెంట బంగాళము వెళ్లిన మదరాసు సిపాయిలనుబట్టి ఉత్తరదేశమున సిపాయికే ‘తిలంగా’ అను పేరు వచ్చినది. అది మన తెలుగు పేరే. పందొమ్మిదవ శతాబ్దము చివర, దక్షిణాదివారు యుద్ధమునకు పనికిరారని దొరలు తలచి, తెలుగువారిని చేర్చుకొనుట తగ్గించిరి. ఆ తలంపు తప్పని వాదించుటకు పుస్తకములు కలవు గాని, ఏ యింటివాడు ఏ పటాలములో పనిచేసెనో తెలుపు కాగితము చాల కుటుంబములలో మిగులలేదు. గుండీ మిగిలినది.

కావున తోమకుడు. పొడి గుడ్డతో తుడిచి, అది ఎవరి కోటుదో, ఏ యూరినుండి వచ్చెనో పెద్దలనడిగి చీటీ వ్రాసి దారముతో కట్టి యుంచుడు. తెలుగు వ్రాయరానివారు తమిళములోనే వ్రాయవచ్చును.