స్టువర్టుపురం తిట్టు కాదు, ఊరు



హాస్టల్లో ఎవరి వస్తువు పోయినా "స్టువర్టుపురం బ్యాచ్ ఉందిగా" అని ఒక జోకు పడుతుంది. నవ్వేవాళ్లు నవ్వుతారు, మనలో ఎరుకల పిల్లలు మాత్రం తల దించుకుంటారు. ఆ మాట వెనకున్న చరిత్ర మనకు తెలిసుండాలని మేం ఇది రాస్తున్నాం.

స్టువర్టుపురం బాపట్ల దగ్గరి ఊరు. స్టువర్ట్ అంటే అప్పటి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్. అంటే ఆ పేరు కూడా అక్కడి జనం పెట్టుకున్నది కాదు.

అంతకుముందు ఎరుకలవాళ్లు కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్లకు మోసుకెళ్లి ధాన్యానికి మారకం చేసేవాళ్లు. బుట్టలు, చేటలు అల్లేవాళ్లు. ఎరుక చెప్పేవాళ్లు. రైళ్లొచ్చాక ఉప్పు రైలెక్కింది. అటవీ చట్టాలొచ్చాక వెదురు దొరకలేదు, పశువులకు మేత లేదు. బతుకుదెరువు తీసేసింది సర్కారు. దొంగలన్న పేరు మాత్రం వీళ్లకొచ్చింది.

1871లో ఉత్తరాదిన తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. వేలిముద్రలు తీసుకోవడం, హాజరు వేయడం, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. దొంగతనం జరిగాక దొంగను వెతకడం కాదు ఇది. ఏమీ జరగకముందే, పుట్టిన కులాన్ని బట్టి దొంగ అని రిజిస్టర్లో రాసుకోవడం. తర్వాత కొన్నేళ్లకే స్టువర్టుపురం సెటిల్మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. బాగుచేస్తామన్నారు. అక్కడివాళ్లు చీరాల పొగాకు కంపెనీకి చవక కూలీలయ్యారు.

ఆ చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. విముక్త జాతులు అనే పేరు అలా వచ్చింది. కానీ అలవాటు నేరస్థుల చట్టాలు దాని చోట్లో కూర్చున్నాయి. జనం నోట్లో మాట కూడా పోలేదు. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరుతో రెండు తెలుగు సినిమాలొచ్చాయి, అందులో ఒకదాని పేరే "స్టువర్టుపురం దొంగలు". విముక్త జాతులవాళ్లను పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా చూడడం చెల్లదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో, జైలు మాన్యువళ్ల కేసులో చెప్పాల్సి వచ్చింది. చట్టం పోయి 72 ఏళ్లయ్యాక!

నింద మోసేవాడు ముందే సిద్ధంగా ఉంటే అసలు దొంగను ఎవరూ వెతకరు. ఈ మాట చేసే పని అదే.

అన్నలారా, అక్కలారా, ఈసారి ఆగస్టు 31న మన హాస్టళ్లలో ఒక గంట కూర్చుని ఈ చరిత్ర మాట్లాడుకుందాం. ఎరుకల తమ్ముళ్లను, చెల్లెళ్లను ముందు వరసలో కూర్చోబెడదాం.