టోల్కీన్ ఉత్తరం, నా అలక

2003 డిసెంబరులో, అమెరికాలో చదువు వెలగబెడుతున్న రోజుల్లో, ఒక చలి రాత్రి మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా చూసి బయటికి వచ్చాను. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. పీటర్ జాక్సన్ 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మూడో భాగం అది. మరుసటి ఫిబ్రవరిలో పదకొండు ఆస్కార్లకు పోటీపడి పదకొండూ గెలుచుకుంది. ఆ వార్త విన్నప్పుడు నేను చప్పట్లు కొట్టలేదు.

నవల చదవని మిత్రుల కోసం నాలుగు ముక్కలు. షైర్ అనే పచ్చని పల్లెసీమలో హాబిట్లనే పొట్టి మనుషులు ఉంటారు. వారిలో ఫ్రోడో అనేవాడి చేతికి లోకాన్ని బానిసగా చేసుకోగల ఉంగరం వస్తుంది. దాన్ని పుట్టిన అగ్నిపర్వతంలోనే పడవేసి నాశనం చేయాలి. తోటమాలి సామ్ తోడుగా వెళతాడు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు చదివి పెరిగినవాడికి ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. కొత్తదనమంతా చివర ఉంది. ఉంగరం నాశనమైపోయి, రాజుకు పట్టాభిషేకం జరిగి, వీరులు ఇంటిముఖం పట్టాక ఇంకా కథ ఉంటుంది. తీరా వెళ్ళి చూస్తే ఊరు ఊరుగా ఉండదు. చెట్లు నరికేశారు, మిల్లు పొగ కక్కుతోంది, అయినదానికీ కానిదానికీ నిబంధనలు. ఓడిపోయిన మాంత్రికుడు సారుమాన్ కసి కొద్దీ చేయించిన పని అది. లోకాన్ని కాపాడి వచ్చిన నలుగురూ తమ ఊరిని మళ్ళీ కాపాడుకోవాలి.

సినిమాలో ఆ అధ్యాయం లేదు. హాబిట్లు తిరిగి వస్తారు, ఊరు చెక్కు చెదరకుండా ఉంటుంది, సారాకొట్టులో కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అంతే.

నా కోపానికి అసలు కారణం సాహిత్యం కాదని ఏడాదిన్నర తర్వాత తెలిసింది. 2005 వేసవిలో మా ఊరు వెళ్ళాను. కృష్ణా జిల్లాలో చిన్న పల్లె. బస్సు దిగవలసిన చోట దిగలేకపోయాను. గుర్తు పట్టలేదు మరి. రోడ్డు వెడల్పు చేయడానికి చెరువు గట్టు మీది చింతచెట్లన్నీ కొట్టేశారు. రచ్చబండ దగ్గరి రావిచెట్టు ఉండిన చోట కంకర గుట్ట ఉంది. మా బాబాయి నన్ను చూసి, "ఏరా అబ్బాయ్, చెట్ల కోసం ఏడుస్తున్నావా? మీ నాయనమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు ఈ రోడ్డు ఉంటే ఎంత బాగుండేదో నీకేం తెలుసు, నువ్వు ఇక్కడ లేవు" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. అక్కడ సారుమాన్ అంటూ ఎవరూ లేరు. ఆ రాత్రి డాబా మీద పడుకుని, నేను సినిమాలో వెతికింది దేనికోసమో అర్థం చేసుకున్నాను.

తరువాత టోల్కీన్ ఉత్తరాల సంపుటం సంపాదించాను. హంఫ్రీ కార్పెంటర్ సంపాదకత్వంలో 1981లో వచ్చిన పుస్తకం. అందులో ఈ సినిమా గొడవ ఎంత పాతదో తెలిసింది.

నవల మూడు సంపుటాలుగా 1954, 55లలో వెలువడింది. రెండేళ్ళు తిరగకముందే, 1957 సెప్టెంబరులో, ఫారెస్ట్ అకర్‌మన్ అనే అమెరికన్ కొన్ని బొమ్మలు పట్టుకుని ఆక్స్‌ఫర్డులో టోల్కీన్ ముందు వాలాడు. బొమ్మలు ముసలాయనకు నచ్చాయి. డిస్నీ తరహాలో లేకపోవడమే అందుకు కారణం. సినిమా విషయంలో ఆయన నీతి సూటిగా ఉంది: డబ్బయినా దండిగా ఇవ్వండి, లేదా కాదనే హక్కయినా నాకు ఇవ్వండి. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడిలో మన కరణం గారి తెలివి కనిపిస్తుంది కదూ!

ఆపైన మోర్టన్ జిమ్మర్‌మన్ రాసిన కథాసంగ్రహం వచ్చింది. 1958 జూన్‌లో టోల్కీన్ దాన్ని దుమ్ము దులిపేశాడు. గద్దలను బాడుగ బండ్లలాగా ఎక్కడ పడితే అక్కడ వాడాడని, ఎల్ఫుల దారిబత్తెపు రొట్టెను ఏదో పోషకాహారపు బిళ్ళగా మార్చాడని, రుతువులను కలగాపులగం చేశాడని, మాటలతో నడవవలసిన చోట కత్తులు దూయించాడని వరుసగా ఏకరువు పెట్టాడు. ఆ ఉత్తరం చదువుతుంటే నా అలకకు ఆయనే వకాల్తా పుచ్చుకున్నట్లు అనిపించి మహదానందపడ్డాను. ముఖ్యంగా ఒకచోట. నడిచే చెట్ల కథకూ, హార్న్‌బర్గ్ కోట యుద్ధానికీ రెంటికీ చాలినంత చోటు లేకపోతే వదిలేయవలసింది యుద్ధాన్నేనట. ప్రధాన కథకు అది ఆనుషంగికం మాత్రమేనని ఆయన అభిప్రాయం. జాక్సన్ 2002 నాటి రెండో చిత్రానికి పట్టుగొమ్మ ఆ యుద్ధమే. నవలలో ఒక్క అధ్యాయం. దానికోసం రాత్రిళ్ళకు రాత్రిళ్ళు, నెలల తరబడి చిత్రీకరించారు.

నాలుగు పేజీలు తిప్పేసరికి నా ఆనందం ఆవిరైపోయింది. జిమ్మర్‌మన్ కూడా నవల చివరి భాగాన్ని కత్తిరించాడు. అంటే నాకు ప్రాణప్రదమైన అధ్యాయం 1958లోనే ఒకసారి పోయింది. ఈయన విరుచుకుపడతాడని ఊపిరి బిగబట్టి చదివాను. ఆ కోతను గురించి కోప్పడనే లేదు. సారుమాన్ అసలు చావు ఆ చివరి భాగంలో ఉంది గనుక, అది తీసేశాక అతన్ని చంపవలసిన పనేమీ లేదు, ఆత్మహత్య చేసుకునే మనిషి కాడతను, అంటూ సరిదిద్దాడంతే.

ఇక్కడ విచిత్రం చూడండి. 2003లో థియేటర్లలో విడుదలైన మూడో చిత్రంలో సారుమాన్ చావడు. ఆ దృశ్యం కూర్పులో తీసేశారు. బురుజులోనే ఉండిపోతాడని ఒక మాట అనేసి ముందుకు సాగిపోతారు. ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ లీ ఎంతో నొచ్చుకున్నాడు. ఆ చిత్ర బృందంలో టోల్కీన్‌ను స్వయంగా చూసిన ఒకే ఒక్కడు ఆయన. ఆయనను బాధించిన ఆ కోత, నలభై అయిదేళ్ళ కిందట రచయిత చెప్పిన దానికి అతికినట్లు సరిపోయింది. తర్వాత డీవీడీలో వచ్చిన నిడివి పెంచిన ప్రతిలో సారుమాన్ బురుజు మీదే కత్తిపోటు తిని చస్తాడు. మూలానికి దగ్గర చేద్దామని దృశ్యాన్ని చేర్చి రచయిత మాటకు దూరమయ్యారన్నమాట.

మధ్య చరిత్ర క్లుప్తంగా చెబుతాను. టోల్కీన్ 1969లో హక్కులను యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కు అమ్మాడు. జాన్ బూర్మన్ 1970లో స్క్రిప్టు రాసినా చిత్రం కాలేదు. టోల్కీన్ 1973లో కన్నుమూశాడు. 1978లో రాల్ఫ్ బాక్షీ తీసిన యానిమేషన్ చిత్రం సగం కథలో ఆగిపోయింది, మిగతా సగం రానేలేదు. తండ్రి రాతప్రతులకు జీవితం ధారపోసిన క్రిస్టఫర్ టోల్కీన్‌కు జాక్సన్ చిత్రాలు చివరివరకూ రుచించలేదు. కుర్రకారు కోసం పుస్తకం పేగులు తీశారని 2012లో ఒక ఫ్రెంచి పత్రికతో వాపోయాడు. 2020లో ఆయనా వెళ్ళిపోయాడు.

జాక్సన్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. న్యూజిలాండులో గొర్రెలు మేసే పొలంలో షైర్‌ను కట్టించి, కొత్తదిగా కనిపించకూడదని చిత్రీకరణకు ఏడాది ముందే మొక్కలు నాటించిన మనిషి ఆయన. అలాంటి ఊరిని తగలబెట్టడానికి చేతులు రాలేదేమో! పైగా మనమేమైనా తక్కువ తిన్నామా? అకర్‌మన్ ఆక్స్‌ఫర్డుకు వెళ్ళిన ఆ 1957లోనే మనకు 'మాయాబజార్' వచ్చింది. వ్యాసభారతంలో శశిరేఖ ఎక్కడుంది? లేదని ఎవరైనా అలిగారా? నన్నయ గారే వ్యాసుణ్ణి మాటకు మాట తెలిగించలేదు. అయితే మనవాళ్ళు ఎక్కువగా చేర్చారు, జాక్సన్ తీసేశాడు. ఈ తేడా చిన్నది కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

టోల్కీన్ బాల్యం బర్మింగ్‌హామ్ దగ్గరి సేర్‌హోల్ అనే పల్లెలో కొంతకాలం గడిచింది. పదేళ్ళు నిండకముందే తన చిన్ననాటి పల్లెసీమ పాడైపోవడం చూశానని నవల రెండో కూర్పు ముందుమాటలో రాసుకున్నాడు. ఆ అధ్యాయం కథకు మొదటినుంచీ అవసరమైనదేనని అక్కడే చెప్పాడు. ఉత్తరంలో ఎందుకు పట్టుబట్టలేదో మరి. సినిమావాళ్ళ దగ్గర అడిగి లాభంలేదని ఊరుకున్నాడని నా ఊహ.

మొన్న సెలవుల్లో మా అమ్మాయితో కూర్చుని మూడు భాగాలూ మళ్ళీ చూశాను, నిడివి పెంచిన ప్రతులే. అడవి రాణి గాలడ్రియెల్ సెలవిచ్చేటప్పుడు సామ్‌కు ఒక తాడు ఇస్తుంది. పుస్తకంలో చిన్న పెట్టె కూడా ఇస్తుందని చెప్పాను. అందులో ఆమె తోటలోని మట్టి, ఒక వెండిరంగు విత్తనం ఉంటాయి. ఊరికి వెళ్ళాక చెట్లు పోయిన చోటల్లా సామ్ ఒక్కొక్క రేణువు చొప్పున ఆ మట్టి వేస్తాడు.

"మరి సినిమాలో పెట్టె ఎందుకివ్వలేదు నాన్నా?"

"సినిమాలో చెట్లు నరకలేదు కదమ్మా, అవసరం పడలేదు" అన్నాను.

కాసేపు ఆలోచించి, పుస్తకం ఎక్కడుందని అడిగింది. అటక మీద ఉంది. నిచ్చెన పక్కింటివాళ్ళు తీసుకెళ్ళారు, రేపు తెస్తానన్నాను.