చుక్క నీరు లేని ఉప్పుద్రవం

నిప్పుచీమ విషం మీద పడగానే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోని ‘క్రేజీ’ చీమ తన పొట్ట చివరి ఫార్మిక్ ఆమ్లాన్ని నోటితో తీసి ఒళ్లంతా పూసుకుంటుంది. ఆ ఆమ్లం, విషంలోని ఆల్కలాయిడ్లు కలిసి జిగట ద్రవం పుడుతుంది. అది అయానిక ద్రవమని 2014లో రసాయనవేత్తలు చెప్పారు. ప్రకృతిలో అలాంటిది కనబడటం అదే మొదలు. ఇది చదివాక అయానిక ద్రవాల పూర్వకథ వెతక్కుండా ఉండలేకపోయాను.

వంటింటి ఉప్పు కరిగి పారాలంటే 801 డిగ్రీల వేడి కావాలి. అయానిక ద్రవమూ ఉప్పే. కాకపోతే దాని అయాన్లు పెద్దవి, వంకరటింకరవి, పొందిగ్గా పేరుకోలేవు. అందుకే నూరు డిగ్రీల లోపే ద్రవమైపోతుంది. పెట్రోలులా తేలిగ్గా ఆవిరై పోదు.

మనిషి చేతిలో దీని తొలి ప్రసిద్ధ రూపం 1914 నాటిది. లాత్వియాలో పుట్టిన రసాయనవేత్త పాల్ వాల్డెన్‌కి కావలసింది, ఇవాళ వీటిని వాడుతున్నట్టు, ఇతర పదార్థాలను కరిగించే ద్రావణి కాదు. కరిగిన లవణాల విద్యుద్వాహకతను తక్కువ వేడిలో కొలవాలని ఆయన ఆరాటం. ఇథైల్ అమీన్‌ను నత్రికామ్లంతో కలిపితే 12 డిగ్రీలకే కరిగే లవణం వచ్చింది. సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ పత్రికలో ప్రకటించాడు. అదే ఏడు మొదటి ప్రపంచయుద్ధం ముంచుకొచ్చింది. రష్యా విప్లవం తర్వాత ఆయన జర్మనీలోని రోస్టాక్ చేరాడు. అక్కడ రసాయనశాస్త్ర చరిత్ర మీద కూడబెట్టిన వేల పుస్తకాలు 1942 బాంబుదాడుల్లో కాలిపోయాయి. ఆ నష్టం తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 1957లో ఆయన పోయేనాటికి కూడా ఆ లవణాన్ని ద్రావణిగా పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు.

అయానిక ద్రవాల్లో వేరే రకాలను అల్యూమినియం పూతకూ, బ్యాటరీలకూ కొందరు వాడారు. గాలికి, తేమకు చెడనివి 1992లో అమెరికా వైమానిక అకాడమీలో జాన్ విల్క్స్ బృందం చేశాకే రసాయనవేత్తల దృష్టి ఇటు మళ్లింది.

ఆ దృష్టి మన హైదరాబాద్ దాకా వచ్చింది. బర్కత్‌పుర నుంచి విద్యానగర్, ఉస్మానియా క్యాంపస్ మీదుగా వెళితే తార్నాకలో భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ). 2003లో అక్కడి జె.ఎస్. యాదవ్ బృందం అయానిక ద్రవంలో మూడు పదార్థాలను ఒకేసారి కలిపి డైహైడ్రోపిరిడిన్లు తయారుచేసే పద్ధతిని ప్రచురించింది. మన బర్కత్‌పుర మందుల షాపుల్లో బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ ఆ కుటుంబానిదే.

తేలిగ్గా ఆవిరి కావు గనుక అయానిక ద్రవాలన్నిటినీ ‘హరిత ద్రావణులు’ అనేశారు. నేను ఒప్పుకోను. ఫ్లోరిన్ ఉన్న కొన్ని రకాలు నీరు తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను వదులుతాయి. కొన్ని నీటిలోని జీవులకు విషం. ఏ ద్రవానికి ఆ ద్రవాన్నే పరీక్షించి ఆ పేరు ఇవ్వాలి.