పట్టాల సాక్ష్యము

రైలుబండ్ల చరిత్ర యనగానే మనకు ఇంజనులు, వంతెనలు, సొరంగములు స్ఫురించును. మార్గమున బండి యున్నదో లేదో తెలిసికొనుటకు మానవుడు పడిన ప్రయాస అంతగా స్ఫురింపదు. ప్రయాణికుల ప్రాణములు ఆ ఒక్క ప్రశ్నపైననే ఆధారపడి యున్నవి. కనుక నేడు దానిని గూర్చి ముచ్చటింపదలచితిమి.

1915 మే 22వ తేదీ ఉదయమున స్కాట్లండులోని క్వింటిన్స్‌హిల్ వద్ద ఒక లోకల్ బండిని ప్రధాన మార్గముపై నిలిపి యుంచిరి. పనిలో చేరిన సిగ్నల్‌మన్ ఆ బండిలోనే ప్రయాణము చేసి వచ్చినవాడు. అది అతని గదికి కనుచూపు మేరలోనే యున్నది. అయినను మరచెను, సైనికులతో నిండిన బండిని అదే మార్గమున రానిచ్చెను. ఆ రెండును ఢీకొనగా, ఎదుటి దిక్కునుండి వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఆ శిథిలములపై బడెను. మంటలు చెలరేగి 200 మందికి పైగా మరణించిరి.

ఈ మరపునకు మందు అప్పటికే కలదు. అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లోనే ట్రాక్ సర్క్యూటునకు పేటెంటు పొందెను. రెండు పట్టాలగుండా స్వల్ప విద్యుత్తును ప్రవహింపజేసి, ఆవలి కొసన రిలేను అమర్చుట దాని పద్ధతి. బండి వచ్చినచో చక్రములును ఇరుసులును పట్టాలను కలుపును. విద్యుత్తు రిలేను చేరదు. సిగ్నల్ అపాయమును చూపును. తీగ తెగినను, బ్యాటరీ క్షీణించినను అదే ఫలితము. తాను చెడినప్పుడు కూడ బండిని ఆపుటయే దాని ఘనత. క్వింటిన్స్‌హిల్‌లో ఆ ఏర్పాటు లేకుండెను. అయితే దానికిని చిక్కులు లేకపోలేదు: పట్టాలు త్రుప్పు పట్టినను, కంకర నీట మునిగినను అది తడబడును.

తరువాత కాంతి వంతు వచ్చెను. 1978లో కెనడాలో కెన్నెత్ హిల్ బృందము వెండ్రుకవంటి గాజుతీగలో, అనగా ఆప్టికల్ ఫైబరులో, కాంతితోనే సూక్ష్మరేఖలను ఏర్పరుపవచ్చునని కనుగొనెను. ఆ రేఖలు ఒకే తరంగదైర్ఘ్యము గల కాంతిని వెనుకకు పంపును. అట్టి తీగను పట్టాకు అతికించినచో, చక్రము క్రింద పట్టా వంగినప్పుడు తీగ సాగును. తిరిగివచ్చు కాంతి మారును. ఆ మార్పులను బట్టి ఎన్ని ఇరుసులు లోనికి బోయినవో, ఎన్ని వెలుపలికి వచ్చినవో లెక్కింపవచ్చును. పైతీగలోని 25,000 వోల్టుల ప్రభావము గాజులోని కాంతికి సోకదు.

మరియొక పద్ధతిలో, మార్గము ప్రక్కన పాతిన టెలిఫోను ఫైబరునే చెవిగా జేసి, వెనుకకు చెదరివచ్చు కాంతినిబట్టి భూమి కంపములను కనిపెట్టుదురు. ఒక్క తీగ అనేక కిలోమీటర్ల మేర వినగలదు. కాని నిలిచియున్న బండి చప్పుడు చేయదు. 1915లో మరపునకు గురియైనదియు నిలిచియున్న బండియే కదా!

కావున నూతన సాధనమును దాని చూపు దూరమునుబట్టి మాత్రమే మెచ్చుకొనరాదని మా అభిప్రాయము. కదలిక లేనిచోట ఏమి చెప్పును? తాను చెడినవేళ ఏమి చెప్పును? రాబిన్సన్ సాధనము ఆ రెండు ప్రశ్నలకును ఏనాడో సమాధానమిచ్చినది. గాజుతీగయు అదే పరీక్షలో నెగ్గవలెను.