నానమ్మ తల ఎవరు తిన్నారు?

మా అత్తయ్యగారు ఆర్నెల్లు మాతో ఉందామని న్యూజెర్సీ వచ్చినప్పుడు మావాడికి నాలుగున్నరేళ్ళు. రోజంతా ఆవిడ కొంగు పట్టుకుని ఒకటే ప్రశ్నలు. ఒకరోజు వంట హడావుడిలో ఉండి "నా తల తినకురా నాయనా, అవతలికెళ్ళి ఆడుకో" అన్నారు. అంతే, మూడు రోజులు వాడు నానమ్మ దగ్గరికి వెళితే ఒట్టు! అలిగాడనుకున్నాం. నాలుగో రాత్రి నిద్రపుచ్చుతుంటే మెల్లగా అడిగాడు, "అమ్మా, నేను నానమ్మని కొరికానా?" అని. మనవడికి తను పనికిరాకుండా పోయానని పాపం ఆవిడా లోలోపల కుమిలిపోయారట.

ఆ తరువాత ఈ విషయం మీద కొంత చదివాను. 1976లో ఎలెన్ విన్నర్, మరో ఇద్దరు పరిశోధకులు ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు కొన్ని వాక్యాలిచ్చి అర్థం అడిగారు. చాలా ఏళ్ళు పనిచేశాక జైలు కాపలాదారు కదలని బండరాయి అయిపోయాడన్నది వాటిలో ఒకటి. చిన్నవాళ్ళలో కొందరు ఎవరో మంత్రం వేసి రాయిగా మార్చేశారన్నారు. కొందరు జైలు గోడలు రాతివి కదా అన్నారు. కాస్త పెద్దవాళ్ళు అతని కండలు గట్టివన్నారు. మనసు బండబారిందని పట్టుకోగలగడం దాదాపు పదేళ్ళ వయసులో మొదలైంది. అలాగని చిన్నపిల్లలకు పోలికలు తెలియవని కాదు. సగం చంద్రుణ్ణి చూసి "ఎవరో కొరికిన అప్పడం" అన్నది మావాడే!

మన జాతీయాలన్నీ ఒక్క తీరువి కావు. కడుపులో ఎలుకలు పరిగెత్తడం భోజనాల వేళ వింటే ఊహించుకోవచ్చు. చెవిలో పువ్వు పెట్టడం మాత్రం ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ఊళ్ళో అయితే అమ్మ, పక్కింటి పిన్నిగారు, కూరలమ్మి, ఇలా పదిమంది నోట పది సందర్భాల్లో వింటారు. ఇక్కడ మన పిల్లలకు ఉన్నది రెండు మూడు గొంతులే. ఇంగ్లీషుకు ఆ కొరత లేదు. 1963లో పెగీ పారిష్ రాసిన అమీలియా బెడీలియా కథలో పనిమనిషి తెరలు వేయమంటే కాగితం మీద తెరల బొమ్మ వేస్తుంది, కోడిని వంటకు సిద్ధం చెయ్యమంటే దానికి బట్టలు తొడుగుతుంది. ఏడేళ్ళవాళ్ళు పడీపడీ నవ్వుతారు. తెలుగులో అలాంటి పుస్తకం పిల్లల చేతికి ఇవ్వాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

అందాకా మేము చేస్తున్నది ఒక్కటే. జాతీయాలు మానెయ్యలేదు, వెంటనే మామూలు మాటల్లో మళ్ళీ చెబుతాం. "తల తినకు, అంటే ఇప్పుడు ప్రశ్నలు వద్దు, అన్నం తిన్నాక అడుగు" అని. ఇది అలవాటు చేసింది అత్తయ్యగారే.

ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. చాలామటుకు పట్టేస్తాడు. "కొంప మునిగింది" అంటే మాత్రం ఇంకా బేస్‌మెంట్‌లోకి తొంగి చూసొస్తాడు. గట్టిగా వాన పడ్డ రోజున ఆ మాట తప్పని నేనూ అనలేను.