మార్కండేయుని ఆయువు – మన జీవితమునకు కొలత



ఎట్లు బ్రదుకవలయును? ఏ పనికై బ్రదుకవలయును? బుద్ధి యెరిగిన ప్రతి మనుజునకును ఈ ప్రశ్న యొకనాడెదురగును. దీనికి ప్రత్యుత్తరమును వేదాంత గ్రంథములయందు వెదకుటకు ముందు మన కులచరిత్రమునే యొకమారు విప్పి చూతము.

మార్కండేయ మహర్షి మనకు మూలపురుషుడనియు, ఆయన కుమారుడైన భావనాఋషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసెననియు పద్మశాలీయులమైన మనము పరంపరగా చెప్పుకొనుచున్నాము. మృకండుడు పుత్రునికై తపమొనర్పగా పరమేశ్వరుడు ప్రత్యక్షమై, గుణహీనుడై చిరకాలము జీవించు కుమారుడు కావలయునా, సద్గుణవంతుడై పదునారేండ్లు మాత్రమే జీవించు కుమారుడు కావలయునా యని యడిగెనట. మృకండుడు రెండవవానినే కోరెను. జీవితమునకు కొలత గుణమే కాని కాలము కాదని దీని తాత్పర్యము.

అయితే కథ యంతటితో ముగియలేదు. పదునారవ యేట యముడు పాశము విసరినప్పుడు ఆ బాలుడు తన నొసటి వ్రాత యింతేయని తలవంచలేదు. శివలింగమును కౌగిలించుకొని విడువడాయెను. మంచిగా బ్రదుకుట యెంత ముఖ్యమో, బ్రదుకును విడువక పట్టుకొనుటయు నంత ముఖ్యము. ఈ రెండవ పాఠమును మనము తరచు మరచుచున్నాము.

పురాణము నటుండనిచ్చి మన కాలపు చరిత్రమును చూతము. కొండా లక్ష్మణ్ బాపూజీగారు 1915వ సంవత్సరమున ఆదిలాబాదు సీమలోని వాంకిడియందు మన కులముననే జన్మించిరి. న్యాయవాదియై ధనార్జనమే ధ్యేయముగా సుఖముగా నుండవచ్చును. కాని వారు నిజాము నిరంకుశత్వము నెదిరించిరి. భూమికై పోరాడిన చాకలి ఐలమ్మ పక్షమున న్యాయస్థానమున నిలిచిరి. నేతవారిని సహకార సంఘములుగా కూర్చుటకు పాటుపడిరి. 1969లో తెలంగాణోద్యమము చెలరేగినప్పుడు మంత్రిపదవిని తృణప్రాయముగా త్యజించిరి. 2012 సెప్టెంబరు 21వ తేదీన, 97వ యేట, కన్నుమూసిరి. వారు కోరిన రాష్ట్రము 2014 జూను 2వ తేదీన నేర్పడెను. ఫలమును కంట చూడనంతమాత్రమున ఆ జీవితము వ్యర్థమని యెవ్వరనగలరు? ఫలము మన చేతిలో లేదు. ఏ పనికి బ్రదుకు నర్పింతుమన్నది మన చేతిలో నున్నది.

ఇక మన సీమ సంగతి. గొల్లపల్లి, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి వేలకొలది యువకులు గల్ఫు దేశములకు పోయిరి. సిరిసిల్ల నేతవారు భివండికిని షోలాపురమునకును వలసపోయిరి. పొట్టకూటికై పోవుట తప్పు కాదు. ఇంట నిలిచినవారి కష్టమును తక్కువ కాదు. సిరిసిల్లలో మరమగ్గముల పని సన్నగిల్లి, అప్పులు పెరిగి, ఈ శతాబ్దపు తొలి యేండ్లలో ననేక నేతసోదరులు తమ ప్రాణములు తామే తీసికొనిరి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల నేత కొన్నాళ్లు ఊతమిచ్చెను. పిదప నదియు నిలిచిపోయెను.

చనిపోయిన యా సోదరులు గుణహీనులా? కారు. రేయింబవళ్లు పనిచేసి లోకమునకు వస్త్రమిచ్చినవారు. యముడు పాశము విసరిననాడు పట్టుకొనుటకు వారికి లింగము దొరకలేదు. ఆ లోపము మనది.

కావున మేము విన్నవించునది యేమనగా: ఊరూర మార్కండేయాలయమును కట్టుకొను శ్రద్ధలో కొంత, అప్పులలో మునిగిన యింటి తలుపు తట్టుటకును వినియోగింతము. వడ్డీవ్యాపారికంటె ముందు సంఘనిధి యా గడప చేరవలెను. వితంతువు బిడ్డ చదువు నిలువరాదు. పరదేశమునుండి సొమ్ము పంపు సోదరుడును, మగ్గమువద్ద కూర్చున్న సోదరుడును, పోషకులును ఇందులో పాలుగొనవలెను. ఒంటిపోగు తెగును, పడుగుపేకలు కలిసినప్పుడే వస్త్రమగును. ఇది మనకొకరు నేర్పవలసిన విద్య కాదు.

ఎట్లు బ్రదుకవలయునని యడుగు యువకునకు మా ప్రత్యుత్తర మింతే: నీ వొకరిని పట్టుకొని నిలువుము, మరియొకరు నిన్ను పట్టుకొని నిలుచునట్లు బ్రదుకుము.